కుడివైపు మిగిలింది

సైకిలు హ్యాండిల్‌కి కుడివైపు చుట్టిన టేపు మళ్లీ జారింది. ఎడమవైపు చుట్టడం సంయుక్తకి లెక్కే కాదు. ఆ వైపు ఎప్పుడూ ఆమెదే, కళ్లకు గంతలు కట్టి చుట్టమన్నా చుట్టేస్తుంది. హ్యాండిల్ కొస దగ్గర మొదలుపెట్టి, ప్రతి చుట్టూ కింది చుట్టు మీద సగం ఎక్కేలా, వంపు దగ్గర లాగి పట్టి, బ్రేకు పిడి వెనక చిన్న ముక్క అతికించి, దాన్ని దాటించి నడుమ దాకా తెచ్చి ఆపడమే, చూడండి ఎంత ముచ్చటగా కూర్చుందో, ఒక్క ముడత లేదు. కుడివైపు మాత్రం మొండికేసింది. ఎడమ పక్క ఒక దిక్కుగా తిరిగిన టేపు కుడి పక్క దానికి ఎదురు దిక్కుగా తిరగాలి, లేకపోతే తొక్కేటప్పుడు అరచేతుల ఒరిపిడికి వదులై ఊడొస్తుంది. ఇదంతా బుర్రకి తెలుసు, చేతికే తెలియడం లేదు. ఎడమచేతివాటం మనిషి, లాగి బిగించే బలమంతా ఆ చేతిలోనే ఉంది, కుడి వంపు దగ్గరికి వచ్చేసరికి ఎటు తిప్పాలో తోచక ఆ చెయ్యి గాల్లో ఆగిపోతుంది, ఆగిన ఆ ఒక్క క్షణంలో చుట్టంతా వదులైపోయి ముడి ఊడిన లంగా నాడాలాగా కిందికి దిగిపోతుంది. తల ప్రాణం తోకకొచ్చింది. టేపు విప్పి మళ్లీ ఉండగా చుట్టి ఒళ్లో పెట్టుకుంది, నీళ్ల ట్యాంకు నీడ పిట్టగోడ దాటి పక్కింటి డాబా మీదికి సాగుతోంది, సైకిలు పిట్టగోడకి ఆనుకుని సగం బట్టలు కట్టుకున్న పిల్లలాగా నిలబడి ఉంది.

అసలు ఇవాళ టేపు చుట్టాలని ఎవరనుకున్నారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఉదయభాస్కర్ మజ్జిగ పోసుకుంటూ అన్నాడు, రేపు పొద్దున ఆఫీసులో ఏదో ఒకటి చెప్పెయ్యాలి సంయుక్తా, విశాఖపట్నం వెళ్దామంటే వెళ్దాం, వద్దంటే వద్దు, నువ్వెలా అంటే అలా అని. మంచి మొగుడే, కాదనడానికి లేదు, కానీ ఇంత పెద్ద విషయాన్ని ఆమె ముందుకి జరిపేసి తాను చెయ్యి కడుక్కుని పడుకోవడం చూస్తే ఒళ్లు మండదూ. ఆయన పనిచేసే సరుకు రవాణా కంపెనీ అక్కడ కొత్త ఆఫీసు తెరుస్తోంది, రేపటినుంచి రెండు రాష్ట్రాలు కదా, అక్కడివాళ్లు అక్కడికి వెళ్తే సుఖంగా ఉంటారేమోనని పైవాళ్ల ఉద్దేశం. అక్కడివాళ్లంటే ఎవరమ్మా. ఉదయభాస్కర్ అంటే సరే, కాకినాడలో పుట్టి కాకినాడలో చదువుకున్నాడు. తాను? నాన్న నరసరాజు పెళ్లి కాకముందే ఇక్కడ ఉద్యోగంలో చేరాడు, తాను పుట్టింది సికింద్రాబాదులో, భీమవరం అంటే వేసవి సెలవుల్లో నాలుగు రోజులు, అక్కడ మేనత్తలు దవాఖాన ఏమిటే ఆసుపత్రి అనలేవూ అని బుగ్గలు పొడిచి నవ్వడం, ఇక్కడికి వచ్చాక గట్లనా అనాల్సిన చోట అలాగా అన్నందుకు బళ్లో వెనక బెంచీ వాళ్లు నవ్వడం. రెండు ఊళ్లనీ నవ్వించింది, అంతే తన సంపాదన. పడుకోబోతూ ఉదయభాస్కర్ ఇంకో మాట కూడా అడిగాడు, సైకిలు కూడా లారీలో వేయిద్దామా, ఇక్కడే ఎవరికైనా ఇచ్చేద్దామా అని. అదొక్కటే అడగకుండా ఉండాల్సింది. ఎలా ఉందో చూద్దామని పైకి వచ్చింది, చూస్తే పాత నల్ల టేపు ఎండకి పెళుసెక్కి పొట్టు పొట్టుగా రాలుతోంది, ఒక కొస పట్టి లాగితే మొత్తం ఊడి చేతికొచ్చింది, హ్యాండిల్ బోసిగా మిగిలింది. అలా వదలడానికి మనసొప్పలేదు. కిందికి వెళ్లి బీరువాలో పాత చీరల అడుగునుంచి పది నెలలుగా ముట్టుకోని టేపు డబ్బా తీసుకొచ్చింది. గులాబీ రంగు.

నెత్తిమీదుగా విమానం ఒకటి చక్రాలు బయటపెట్టుకుని దిగుతోంది, కింద ఇంటి ఓనరు తారాబాయి ఆరేసిన వడియాల గుడ్డ కొసలు రెపరెపలాడాయి. శంషాబాదులో కాపురం ఉన్న ఎవరైనా విమానం పోయేదాకా మాట ఆపుతారు, ఆపి, పోయాక అక్కడినుంచే అందుకుంటారు. పాత ఉద్యోగంలో పక్కన కూర్చునే మనీషా మాత్రం ఆపేది కాదు. గొంతు పెంచేది. అదేమిటే అంటే, మా చేను మీదకెల్లే దిగుతున్నది, నేనెందుకు ఆపాలె అనేది. ఆ రన్‌వే కింద ఎక్కడో వాళ్ల జొన్నచేను ఉందట, ఇద్దరూ విమానాశ్రయంలో ఒకే కార్గో కౌంటర్లో పక్కపక్కన కూర్చున్న మొదటి వారంలోనే చెప్పింది, ఏడుపుగా కాదు, ఎత్తిపొడుపుగానూ కాదు, మా మేనమామ ఇల్లు ఫలానా సందులో ఉంటుంది అన్నట్టు చెప్పింది. ఎవరో పైలట్ విమానాశ్రయం రోడ్డు మీద వంపు తిరిగిన హ్యాండిల్ సైకిలు తొక్కుతుంటే ఇద్దరూ బస్సు కిటికీలోంచి చూశారు, చూసి ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు, ఆ చూపుతోనే వచ్చింది ఈ పిచ్చి, అలాంటివే చెరొకటి కొనుక్కున్నారు. మనీషా వాళ్ల ఊరు మామిడిపల్లిలో పిల్లలు దానికి పొట్టేలు సైకిలని పేరు పెట్టారు. మనీషా నాన్న ఈశ్వరయ్య రెండు రోజులు ఆలోచించి, ఒక్కతివి పోవద్దు బిడ్డా, గా అక్క ఉంటెనే పోవాలె అన్నాడు, ఇక్కడ ఉదయభాస్కర్ కూడా దాదాపు అదే మాట, మనీషా తోడుంటే నాకేం అభ్యంతరం అని. అలా ఒకరికి ఒకరు అనుమతి కాగితమయ్యారు. ఒకరికి జ్వరమొస్తే రెండో సైకిలు కూడా ఇంట్లోనే ఉండాలి, ఒకరికి నెలసరి నొప్పి అయితే రెండో మనిషి నెమ్మదిగా తొక్కాలి, మూడేళ్లు అలా తొక్కారు, తెల్లవారకముందే బయల్దేరి హిమాయత్ సాగర్ చెరువు కట్ట దాకా, అక్కడ టీ తాగి, ఎండ ఎక్కేలోగా వెనక్కి.

మొదటిసారి టేపు చుట్టినప్పుడు ఇద్దరూ సైకిలుకి చెరో పక్కా కూర్చుని ఎంత పోట్లాడుకున్నారో. రెండో పక్కకి వచ్చేసరికి మనీషా చేతికి అడ్డం తిరిగింది, విసుగొచ్చి టేపు కింద పడేసింది, సంయుక్త అది తీసి ఎడమచేత్తో అలవోకగా తిప్పేసింది. ఆ ఎడమచెయ్యి చిన్నప్పుడెన్ని దెబ్బలు తిన్నదో, అమ్మ శాంతకుమారి గరిటెతో కొట్టేది, తాంబూలం ఇవ్వబోతే ముత్తైదువలు చెయ్యి వెనక్కి తీసుకునేవాళ్లు, పెళ్లిలో తలంబ్రాలు పోసేటప్పుడు పురోహితుడు కుడిచెయ్యమ్మా కుడిచెయ్యి అని అందరిముందూ అరిచాడు. మనీషా మాత్రం ఆ చేతివంక కాసేపు చూసి, నాకు రాని దిక్కు నీకొస్తదక్కా, నువ్వు గా పక్కకే కూసో అంది. అంతే, ఇక అదే పద్ధతి, ఏ సైకిలుకైనా కుడివైపు మనీషా, ఎడమవైపు తాను, ఇద్దరూ ఒకేసారి కొసల దగ్గర మొదలుపెట్టి నడుమ దగ్గర కలుసుకోవడం, కలుసుకున్న చోట కరెంటు పనివాళ్ల నల్ల టేపు వేసి మనీషా పళ్లతో కొరికి తెంపడం. తన ఎడమచెయ్యి కావాలని అడిగిన మనిషి ఈ లోకంలో ఆ ఒక్కతే.

అలాంటి మనిషికి గులాబీ రంగు టేపు కొనుక్కెళ్లింది. ఊళ్లో షాపువాడు నలుపు చూపించాడు, మాయదు మేడమ్ అన్నాడు, తెలుపు చూపించాడు, తెలుపు వారానికే చెమటకి పసుపు ముద్దయిపోతుందని సంయుక్తే వద్దంది, నీలం ఒకటే జత ఉంది, రెండు సైకిళ్లకి ఒకే రంగు కావాలి కదా. పసుపు రంగు ఉంది, దాన్ని చూడగానే వెనక్కి నెట్టేసింది, పోయిన ఆగస్టులో హైదరాబాదులో పసుపు రంగు చేత్తో పట్టుకుని తిరగడానికి ఎవరికి ధైర్యం, ఏ రంగు ముట్టుకున్నా ఏదో ఒక జెండా. అప్పుడు కనపడింది గులాబీ. రాష్ట్రం ఇస్తున్నామని ఢిల్లీలో చెప్పి వారం కూడా కాలేదు, మనీషా వాళ్ల ఊరంతా ఆ రంగే, గుమ్మాలకి, ఆటోలకి, మెడల్లో కండువాలకి. దీని సంతోషంలో నేనూ ఉన్నానని చెప్పడానికి ఇంతకన్నా ఏముంటుంది అనుకుంది. నిజంగా అలానే అనుకుందా? పది నెలలుగా తనని తాను అడుగుతూనే ఉంది, ఎక్కడైనా ఓ మూల కాస్త వెటకారం ఉందా, ఇదిగో తీసుకో మీ రంగు అన్న పుల్లవిరుపు ఉందా అని, ప్రతిసారీ లేదనే వస్తుంది జవాబు, కానీ రెండు జతలూ డబ్బాలో పెట్టించుకుంటున్నప్పుడు వీళ్లిక నన్ను పరాయిదాన్ని అనుకోకుండా ఉంటారు అన్న ఆశ మాత్రం ఉంది, అది దాచడమెందుకు, అది భయమే, భయానికి గులాబీ రంగు వేసి ఇవ్వబోయింది.

హిమాయత్ సాగర్ దగ్గర టీ బండి చుట్టూ ఆ పొద్దున జనం ఎక్కువున్నారు, అందరూ అదే మాట్లాడుతున్నారు, సంయుక్త బెంచీ మీద డబ్బా పెట్టి, ఇదిగో మీ రంగే తెచ్చానని నవ్వింది. ఎందుకు నవ్వాలి. నవ్వకుండా ఇచ్చి ఉంటే సరిపోయేదేమో. మనీషా డబ్బా విప్పి చూసి మొహం మాడ్చుకుంది, మజాక్ చేస్తున్నవా అక్కా అంది ముందు, మెల్లగానే అంది. ఆమె పెదనాన్న కొడుకు కొండల్ ఆ రంగు జెండా పట్టుకుని రోడ్డెక్కినందుకే లాఠీదెబ్బకి మణికట్టు విరిగింది, సరిగ్గా అతకలేదు, నాగలి మేడి పట్టుకోలేక ఇప్పటికీ గేటు దగ్గర కాపలా ఉద్యోగం చేస్తున్నాడు, అలాంటి రంగు తెచ్చి సైకిలుకి సింగారం చెయ్యమంటే ఎట్లా ఉంటుందో ఆ క్షణం సంయుక్తకి తట్టలేదు. మజాక్ కాదే, నిజంగానే అనబోయింది, ఈలోపే వచ్చింది ఆ మాట, టీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డ అంతమంది మగాళ్ల ముందు, మీవోళ్లంత ఎప్పుడు పోతున్నరు అని. ఒకడెవడో కిసుక్కున నవ్వాడు. సంయుక్త డబ్బా తీసుకుని సైకిలెక్కింది, దారంతా వెనక ఇంకో సైకిలు చప్పుడు వినిపిస్తూనే ఉంది, మనీషా వస్తూనే ఉంది వెనకాల, తోడులేకుండా పోవద్దన్నారు కదా మరి, ఆ కోపంలోనూ నియమం తప్పలేదు, శంషాబాదు మలుపు దాకా వచ్చి అక్కడినుంచి అటు తిరిగిపోయింది. మర్నాటినుంచి సైకిలు డాబా ఎక్కింది. తర్వాతి నెలలో సంయుక్త ఆ కౌంటరు వదిలి వేరే చోట చేరింది, అక్కడ ఎవరూ ఆమె చేతివంక చూడలేదు.

కోపం ఎప్పుడో పోయింది, నిజం చెప్పాలంటే రెండు నెలలు కూడా నిలవలేదు. నిలిచింది నొప్పి. నా ఊరేదో చెప్పవే, పోవాల్సింది ఎక్కడికో కూడా నువ్వే చెప్పు అని ఆమెని పట్టుకుని అడగాలని ఉండేది, వంట చేస్తూ అడిగేది, బస్సులో అడిగేది. మళ్లీ మనీషా వైపునుంచి కూడా తానే జవాబు చెప్పేది, మా చేను పోయింది, మా అన్న చెయ్యి పోయింది, మేం ఎవరిని అడగాలె అని. ఇద్దరి మాటలూ తానే మాట్లాడి అలిసిపోయేది. ఇప్పుడు విశాఖపట్నం వెళ్తే చక్కగా ఉంటుంది, సముద్రం పక్కన రోడ్డు, ఎవరూ ఎప్పుడు పోతారని అడగరు. వెళ్లిపోతే ఆ మాట నిజమైపోతుంది. మనీషా పొమ్మంది, సంయుక్త పోయింది, కథ అయిపోయింది. ఉదయభాస్కర్‌కి సాయంత్రం లేచి టీ తాగేలోపు ఏదో ఒకటి చెప్పాలి, చెప్పాల్సిన జవాబు ఆమె దగ్గర లేదు, మామిడిపల్లిలో ఉంది, అడిగితే గాని రాదు.

మూడోసారి మొదలుపెట్టింది. కొస దగ్గర బాగానే ఉంది, కింది వంపు కూడా ఎలాగో దాటించింది, బ్రేకు పిడి దగ్గర మళ్లీ చెయ్యి ఆగింది. రాకపోతే రాకపోనీ అని ఆ టేపు చుట్ట బ్రేకు పిడికి అలాగే మెలివేసి, చున్నీ నడుముకి బిగించి, సైకిలు భుజాన వేసుకుని మెట్లు దిగింది. తారాబాయి వడియాలు ఎత్తుతూ, ఒక్కతివే పోతున్నవా అంది. అవునండీ ఒక్కదాన్నే, అంది సంయుక్త.

పది నెలల తర్వాత తొక్కుతుంటే తొడలు రెండూ మంట, ఎడమ అరచేతికి టేపు మెత్తగా ఉంది, కుడి అరచేతికి వట్టి లోహం, జూన్ ఎండకి కాగి ఉంది, పట్టుకుని వదులుతూ వదిలి పట్టుకుంటూ విమానాశ్రయం గోడ పక్కన రోడ్డెక్కింది. తోడు లేకుండా ఈ రోడ్డు ఇంత పొడుగని తెలియదు. ఎటు చూసినా తోరణాలు, రాత్రికి పేల్చడానికి బాణసంచా దింపుకుంటున్న ఆటోలు, మైకుల్లో డప్పులు, ఓ చోట కుర్రాళ్లు రోడ్డుకడ్డంగా నిలబడి వచ్చిన వాళ్లందరికీ గులాబీ రంగు గులాల్ పొడి పూస్తున్నారు. దిగకుండా పోవడానికి లేదు. వీళ్లకి నా మాట వింటే తెలిసిపోతుంది అనుకుంది, తెలిస్తే ఏమంటారో అనుకుంది, ఇంతలో వాళ్లలో ఒకడు హ్యాండిల్ చూసి మురిసిపోయి, అక్కా, సగమే చుట్టినవేంది అన్నాడు. మిగతా సగం మామిడిపల్లిలో చుడతారు అంది, అచ్చంగా తన మాటతోనే అంది, గట్లనా, పో పో అని వాళ్లు నవ్వుతూ పక్కకి తొలిగారు, ఒకడు నుదుటికింత గులాల్ కూడా అద్దాడు. ఆ తర్వాత చాలా దూరం ఏడుస్తూ తొక్కింది, ఎందుకని ఎవరైనా అడిగినా చెప్పలేకపోయేది.

మనీషా వాళ్లింటి ముందు అరుగు మీద రుక్కమ్మ కందులు చెరుగుతోంది. మనీషా తల్లికి ఇలాంటివి చూసి ఆశ్చర్యపోయే అలవాటు లేదు, రా బిడ్డా, మస్తు దినాలాయె అని చేట పక్కనపెట్టి లోపలికి కేకేసింది. మనీషా తలారబెట్టుకుంటూ బయటికొచ్చి గడపలోనే నిలబడిపోయింది. సంయుక్త సైకిలు దిగి హ్యాండిల్ ఆమె వైపు తిప్పింది.

“కుడివైపు నాకు రావట్లేదు మనీషా,” అంది.

మనీషా సైకిలు వంక చూసింది, గులాబీ టేపు వంక చూసింది, సంయుక్త నుదుటి మీది గులాల్ వంక చూసింది. మెట్లు దిగి వచ్చి, సైకిలుని అరుగుకి ఆనించి, ముందు చక్రం పక్కన గొంతుకూర్చుని మూడోసారి చుట్టిందంతా విప్పేసింది, గింత వదులుగ చుడుతరా ఎవలన్న అని గొణుక్కుంది. మళ్లీ కొస దగ్గర మొదలుపెట్టింది. ఆ చేతికి ఆ దిక్కు ఎంత తెలుసో, టేపు మాట వింటోంది, ఒక్కో చుట్టూ సగం సగం ఎక్కుతూ వంపు తిరుగుతోంది. సంయుక్త తన పక్క, ఎడమవైపు, కూర్చుంది. చేసేదేమీ లేకపోయినా కూర్చుంది.

“ఆ పొద్దు గా మాట నాది కాదక్కా,” అంది మనీషా తలెత్తకుండా. ఒక చుట్టు తిప్పి బిగించింది. “కాదు, నాదే. నా నోట్లకెల్లే వచ్చింది. ఎన్నిసార్లు ఫోను చేతుల పట్టుకున్ననో. సిగ్గయింది.”

నేను వేళాకోళానికి తేలేదు అని సంయుక్త చెప్పింది, ఎరుకే, ఆ సాయంత్రమే ఎరుకయింది అంది మనీషా. కొండల్ అన్న సంగతి నాకు తట్టలేదు అంది సంయుక్త. అదీ ఎరుకే. అప్పుడు విశాఖపట్నం సంగతి చెప్పింది, రేపు పొద్దున చెప్పాలట, నువ్వెలా అంటే అలా అంటున్నారు అని. మనీషా చెయ్యి ఆగింది. బ్రేకు పిడి దగ్గర, సరిగ్గా సంయుక్త చెయ్యి ఆగిన చోటే. టేపు సడలకుండా బొటనవేలుతో నొక్కిపట్టింది.

“ఉండుమని అడిగే మొఖం లేదు నాకు,” అంది.

 రేపు పొద్దున తొక్కుదామా, కట్ట దాకా, అని అడిగింది సంయుక్త, అడుగుతూ గోడవైపు చూసింది, మనీషా సైకిలు వేలాడే మేకుకి విత్తనాల సంచి వేలాడుతోంది. మనీషా ఆ చూపు పట్టుకుంది. అమ్మేశానంది. నువ్వు లేనిది పంపరాయె, బాపు జర సూద్దాం అంటడు, అన్న అసలే వద్దంటడు, రోజూ గోడ మీద దాన్ని చూసుడు నావల్ల కాలేదు, సంక్రాంతికి ముందే మహేశ్వరం పోరగాడొకడు కొనుక్కపోయిండు అని చెప్పింది, ఎవరి సైకిలు గురించో చెప్తున్నట్టు.  సంయుక్త సైకిలు పది నెలలు డాబా మీద ఎండింది గాని, ఉంది. ఆమెది లేనే లేదు. నువ్వు తొక్కక్కా, నేను స్కూటీ మీద ఎనకాల వస్త, అంది మనీషా. వద్దు, కట్ట దాకా నేను తొక్కుతా, వచ్చేటప్పుడు నువ్వు తొక్కు, స్కూటీ నేను తెస్తా, అంది సంయుక్త. నీకు స్కూటీ యాడ వస్తది. రాదు, రేపటికి నేర్పు. రుక్కమ్మ చేటలోంచి తలెత్తి ఇద్దర్నీ చూసి మళ్లీ కందులు చెరుక్కుంది.

టేపు నడుమకి వచ్చేసరికి ఫోను మోగింది. ఉదయభాస్కర్, నిద్రలేచి డాబా మీద సైకిలు లేకపోవడం చూసి కంగారుపడుతున్నాడు, ఒక్కదానివే వెళ్లావా అంటున్నాడు. వెళ్లాను, వచ్చేటప్పుడు తోడొస్తుంది అంది. రేపు ఆఫీసులో వద్దని చెప్పేయండి అని కూడా అంది, అంత సులువుగా వచ్చేసింది నోటికి.  మంచి మొగుడే అని చెప్పుకున్నాం కదా, ఎందుకని అడగలేదు, సరే, కారణం ఏమని చెప్పమంటావు అని అడిగాడు. సంయుక్త మనీషా వంక చూసింది. మనీషా టేపు కొస పట్టుకుని, వినపడనట్టు, హ్యాండిల్ మీదికి ఇంకా వంగిపోయింది.

“నా మనిషి ఇక్కడుందని చెప్పండి,” అంది సంయుక్త.

మనీషా తలెత్తలేదు. కళ్లలోంచి రాలి టేపు మీద పడ్డదాన్ని చున్నీ కొసతో గబగబా తుడిచి, తడిస్తే అంటుకోదక్కా, జర నల్ల టేపు అందుకో, అంది.